నీళ్లు పోతాయి, కలిపినవి ఉండిపోతాయి: వాటర్ బేస్డ్ పీయూలో అడిటివ్‌ల లెక్క

చెక్కకు రక్షణ పూతగా వేసే వాటర్ బేస్డ్ పీయూ (పాలీయూరిథేన్) డబ్బాలో ఉండేదంతా పీయూ కాదు. నూటికి 60 నుంచి 70 పాళ్లు నీళ్లే. టేకు తలుపు మీద పూత వేశాక ఆ నీళ్లు గాలిలో కలిసిపోతాయి. ఆ నీళ్ల వల్ల వచ్చే ఇబ్బందుల్ని సర్దడానికి తయారీదారు కలిపిన సరుకు మాత్రం చాలావరకు ఎక్కడికీ పోదు. చెక్కను తడపడానికి ఒకటి, నురగ రాకుండా ఒకటి, చిక్కదనానికి ఒకటి, డబ్బా కుళ్లకుండా ఇంకొకటి. వీటినే అడిటివ్‌లు అంటారు. పేరుమోసిన పీయూ ఒక ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచి, పక్కింట్లో నెల తిరక్కుండానే తెల్లమచ్చలు పడిందంటే, తప్పు పెయింటర్ చేతిలో ఎంత ఉందో ఈ చిల్లర సరుకులో కూడా అంత ఉండొచ్చు.

చిల్లర అన్నాను గానీ, లెక్క కడితే అంత చిల్లరేమీ కాదు. వంద గ్రాముల పీయూ తీసుకుందాం. ఆరాక మిగిలే గట్టి పదార్థం సుమారు 33 గ్రాములు. అందులో చెక్కను తడిపే సర్ఫాక్టెంట్ ఒక్క గ్రాము వేశారనుకోండి. డబ్బాలో అది 1 శాతం. తలుపు మీద ఆరిన పొరలో అదే 3 శాతం. పైగా అది పొరంతా సమానంగా సర్దుకుని కూర్చోదు. ఆరేటప్పుడు కొంత పైకి తేలుతుంది, కొంత చెక్క వైపు దిగుతుంది. నీళ్లంటే ఇష్టపడే పదార్థం సరిగ్గా నీళ్లు తగిలే పైభాగంలోనూ, పూత చెక్కను పట్టుకోవాల్సిన అడుగుభాగంలోనూ పోగుపడుతుందన్నమాట.

అసలు పీయూలో నీళ్లు ఎలా వచ్చి చేరాయి? 1937లో జర్మనీలోని లెవర్కూజెన్‌లో ఒట్టో బేయర్ బృందం పాలీయూరిథేన్ రసాయనానికి పునాది వేసినప్పుడు నీళ్లు దానికి బద్ధశత్రువు. పాలీయూరిథేన్‌కు ముడిసరుకైన ఐసోసయనేట్‌కు నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేస్తాయి. పరుపుల ఫోమ్ పొంగేది ఆ బుడగలతోనే. తలుపు మీద పొంగితే కుదరదు కనుక పూతలకు థిన్నర్లే దిక్కయ్యాయి. థిన్నర్ ఆవిర్ల మీద చట్టాలు బిగిశాక దారి మార్చుకోక తప్పలేదు. యూరప్‌లో 2004 నాటి ఆదేశం కింద 2010 నుంచి చెక్క వార్నిష్‌లలో ఆవిరయ్యే కర్బన ద్రావకాలు థిన్నర్ రకంలో లీటరుకు 400 గ్రాములు, నీళ్ల రకంలో 130 గ్రాములు దాటకూడదు.

రసాయన శాస్త్రవేత్తలు వెతికిన దారి ఏమిటంటే, ఐసోసయనేట్ చర్యను ఫ్యాక్టరీలోనే ముగించేయడం. పాలీయూరిథేన్ గొలుసులో అక్కడక్కడా డైమిథైలాల్ ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కుడతారు. ఆ ఆమ్లపు గుంపుల్ని ట్రైఇథైలమీన్ లాంటి క్షారంతో తటస్థం చేస్తే వాటికి రుణావేశం వస్తుంది. ఒకే ఆవేశం ఉన్న కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, అడుగుకు దిగకుండా నీళ్లలో తేలుతుంటాయి. ఒక్కో కణం కొన్ని పదుల నుంచి వంద, రెండు వందల నానోమీటర్ల దాకా ఉంటుంది. డబ్బాలో ఉన్నది కరిగిన పీయూ కాదు, ఈ కణాల గుంపు. నీళ్లు పోయి కణాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతేనే అది పూత అవుతుంది.

ఇక్కడే మన దగ్గర అందరూ చేసే పనొకటి గుర్తొస్తుంది. పీయూ చిక్కగా ఉందని పెయింటర్ పక్కనున్న కుళాయి తిప్పి ఒక మగ్గు నీళ్లు కలుపుతాడు. తెలంగాణలో చాలా చోట్ల ఆ కుళాయిలో వచ్చేది బోరు నీళ్లు. గిన్నెల మీద తెల్లపొర కట్టే నీళ్లే. ఆ కాల్షియం, మెగ్నీషియం అయాన్లకు రెండేసి ధనావేశాలుంటాయి. ఒక్కో అయాను రెండు రుణావేశాల్ని పట్టుకుని, పక్కపక్క కణాల మధ్య వంతెన కట్టేస్తుంది. తోసుకోవాల్సిన కణాలు అతుక్కుని, పాలు విరిగినట్టు సన్నటి పలుకులు తేలతాయి. విరగకపోయినా, ఆరిన పూత మీద చేయి పెడితే ఇసుక తగిలినట్టుంటుంది. పెయింటర్ దాన్ని దుమ్ము అనుకుని ఎమరీ కొడతాడు. అడిటివ్‌ల పట్టికలో ఎవరూ రాయరు గానీ, సైట్‌లో కలిసే మొట్టమొదటి అడిటివ్ ఈ బోరు నీరే. డబ్బా మీద డీమినరలైజ్డ్ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) అని రాసి ఉంటే అది అలంకారానికి రాసింది కాదు. ఆర్‌ఓ నీళ్లు దొరకని ఇల్లు లేదు ఈ రోజుల్లో, లీటరుకు ఒక గ్లాసు కలపడానికి అవి చాలు.

ఇక తయారీదారు కలిపేవి. నీళ్ల తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. థిన్నర్‌లలో వాడే జైలీన్‌కు 30 లోపే. టేకులో సహజంగా నూనె ఉంటుంది, దాని మీద నీళ్లు పరుచుకోవు, ముద్ద కట్టుకుని పక్కకు జరుగుతాయి. అందుకే చెక్కను తడిపే సర్ఫాక్టెంట్, అంటే వెటింగ్ ఏజెంట్ తప్పదు. సిలికోన్ సర్ఫాక్టెంట్లు కొన్ని ఆ అంకెను 21, 22 దాకా దించేస్తాయి. అంకె చూస్తే అద్భుతం. అయితే స్ప్రే గన్ నుంచి బొట్టు పుట్టి చెక్కను తాకడానికి పట్టేది సెకనులో చిన్న భాగం. అంత తక్కువ వ్యవధిలో కొత్తగా పుట్టిన బొట్టు ఉపరితలానికి చేరగలిగిన అణువులే పనికొస్తాయి. నిదానంగా కదిలేవి, ఎంత గొప్పవైనా, చేరేసరికి బొట్టు ముద్దగా ఆరిపోయి ఉంటుంది. అసిటిలీనిక్ డయోల్ అనే జాతి చిన్న అణువులు ఇక్కడ రాణిస్తాయి. తలతన్యతను అంత లోతుకు దించవు గానీ త్వరగా చేరతాయి, నురగను కూడా పెంచవు. సిలికోన్ రకాల్లో కొన్ని నురగను గట్టిగా నిలబెడతాయి.

నురగ నిలబడితే డీఫోమర్ కావాలి. డీఫోమర్ పనిచేసే తీరు విచిత్రంగా ఉంటుంది. అది నీళ్లలో కలవకూడదు. కలిసిపోతే బుడగ గోడలోకి దూరి దాన్ని చీల్చలేదు. అలాగని మరీ కలవకుండా ఉంటే పూత మీద నూనె చుక్కలా విడిగా నిలిచి, చుట్టూ ఉన్న పీయూను తోసేసి గుంట చేస్తుంది. చేపకన్నుల్లాంటి గుంటలు అని పెయింటర్లు చూపించేవాటిలో కొన్ని గాలి గొట్టంలోని నూనె వల్ల వచ్చేవి, కొన్ని డబ్బాలోని డీఫోమర్ వల్ల వచ్చేవి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత పూతల ల్యాబ్‌లో రోజూ వినిపించాల్సిందే: గుంటలు పోవాలని వెటింగ్ ఏజెంట్ ఇంకాస్త వేస్తారు, దాంతో నురగ పెరుగుతుంది, నురగ కోసం డీఫోమర్ ఇంకాస్త వేస్తారు, గుంటలు మళ్లీ తయారు. ఈ వలయంలో ప్రతి చుట్టుకూ పొరలో పీయూ కాని సరుకు పెరుగుతూ పోతుంది. ఈ పోరు తెలిసిన ఫార్ములేటర్ ముందు డీఫోమర్‌ను పెంచడు, ఏ అడిటివ్ తీసేస్తే నురగ తగ్గుతుందో చూస్తాడు.

డీఫోమర్‌కు ఇంకో గుణం ఉంది, వయసు. యంత్రం గట్టిగా తిప్పినా, డబ్బా నెలల తరబడి గోడౌన్ వేడిలో ఉన్నా, దాని చుక్కలు మరీ సన్నగా చీలిపోయి పని మానేస్తాయి. తయారైన రోజు బుడగ లేని సరుకు ఆరు నెలలకు నురగ కక్కడానికి ఇదొక కారణం. అందుకే పరీక్ష కోసం కొంత సరుకును 50 డిగ్రీల అల్మరాలో కొన్ని వారాలుంచి తీసి మళ్లీ పూస్తారు.

చిక్కదనం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నిలువు తలుపు మీద కారిపోకూడదు, బ్రష్ గీతలు మాత్రం సర్దుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. ఇందుకోసం వాడే హెచ్‌ఈయూఆర్ అనే చిక్కబరిచే పదార్థం కూడా ఒక రకం యూరిథేనే. పొడుగాటి నీటి ప్రియమైన గొలుసు, రెండు కొసల్లో నీళ్లంటే గిట్టని తలలు. ఆ తలలు పీయూ కణాలను అంటిపెట్టుకుని సన్నటి వల అల్లుతాయి. ద్రావకమో, సర్ఫాక్టెంటో, రంగు పేస్టో కొత్తగా చేరితే ఆ తలల్ని అవి లాక్కుంటాయి, వల తెగుతుంది, పూత పలచబడుతుంది. సైట్‌లో స్టెయినర్ కలపగానే పీయూ నీళ్లయిపోయిందని కంగారు పడేది ఇందుకే. పాత పద్ధతిలో చిక్కబరిచే సెల్యులోజ్ చవక. అయితే అది నీటిని పీల్చుకునే గుణాన్ని పొరలోనే వదిలిపోతుంది, డబ్బాలోని బ్యాక్టీరియాకు మేత కూడా అవుతుంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది కోలెసింగ్ ఏజెంట్ల కథ. నీళ్లు పోయాక కణాలు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలవాలి కదా, వాటిని తాత్కాలికంగా మెత్తబరచడానికి నిదానంగా ఆవిరయ్యే గ్లైకాల్ ఈథర్లు వేస్తారు. డైప్రొపిలీన్ గ్లైకాల్ బ్యూటైల్ ఈథర్ వాటిలో బాగా వాడుకలో ఉన్నది. ఇవి అడిటివ్‌లలో చాలా ప్రత్యేకం, ఎందుకంటే ఇవి ఉండిపోకూడదు. పని చేసి వెళ్లిపోవాలి, అదీ నీళ్ల తర్వాత వెళ్లాలి. ఆ వరుస తప్పితే పూత పాడవుతుంది. ఆ వరుసను నిర్ణయించేది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, వాతావరణం కూడా.

విశాఖలో ఆగస్టు నెల తీసుకోండి. గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. నీళ్లు ఆరవు. గ్లైకాల్ ఈథర్‌కు మాత్రం గాలిలోని తేమతో పని లేదు, అది తన మానాన తను ఆవిరవుతూనే ఉంటుంది. అది ముందు వెళ్లిపోయి నీళ్లు వెనక మిగిలితే, ఆఖర్న కణాలు కలవాల్సిన సమయానికి వాటిని మెత్తబరిచేది ఉండదు. పైకి పూత ఆరినట్టే ఉంటుంది, లోపల కణాల మధ్య సందులు మిగిలిపోతాయి. నీళ్లు పడితే తెల్లబడేది, గోరు పెడితే రాలేది ఇలాంటి పూతే. హైదరాబాద్‌లో మే నెలలో కథ తిరగబడుతుంది. 40 డిగ్రీల పొడి వేడికి పైన నీళ్లు చటుక్కున పోయి పొర మూసుకుంటుంది. లోపలి తడి, బుడగలు అందులో చిక్కుకుంటాయి, బ్రష్ గీతలకు సర్దుకునే వ్యవధి దొరకదు. ఒకే కంపెనీ, ఒకే డబ్బా. నీళ్లు ఆవిరవడానికి జైలీన్ కంటే ఆరింతలకు పైగా వేడి కావాలి. అందుకే వానాకాలంలో ఫ్యాన్ పెట్టడం, ఎండాకాలంలో పొద్దున్నే పని మొదలుపెట్టడం అడిటివ్ మార్చడంతో సమానమైన పనులు.

మరి ఇంకాస్త ఎక్కువ కోలెసెంట్ వేస్తే పోలేదా అంటే, పూత చక్కగానే కడుతుంది, కాని రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. సాయంత్రానికి చేతికి ఆరిపోయిన తలుపును రాత్రి గడియ పెట్టి మూస్తారు. పొద్దున లాగితే చప్పుడుతో ఊడి వస్తుంది. ద్వారబంధం గాడిలో, తలుపు అంచు ఒరుసుకున్న చోట, పూత ఒక పట్టీలా లేచి చెక్క కనిపిస్తుంది. ద్రావకం ఇంకా లోపలే ఉండగా రెండు పొరలు గట్టిగా నొక్కుకోవడం వల్ల వచ్చే తంటా ఇది. అలాంటప్పుడు రెండు మూడు రోజులు తలుపు అంచుల్లో కాగితం ముక్క పెట్టి ఓరగా ఉంచడం తప్ప మార్గం లేదు. పీయూ గొలుసుల్ని నీళ్లే కొంత మెత్తబరుస్తాయి కనుక మంచి పీయూకు సాధారణ ఎక్రిలిక్ (మరో రకం పూత రెసిన్) కన్నా తక్కువ కోలెసెంట్ సరిపోతుంది. డబ్బాలో ద్రావకం వాసన ఘాటుగా కొడుతుంటే లోపల పీయూ ఎంత, గట్టి ఎక్రిలిక్ ఎంత అని అడగడం న్యాయమే.

హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రకం దీనికన్నా ఒక మెట్టు పైన. ఇక్కడ అడిటివ్ పొరలో ఖాళీగా కూర్చోదు, గొలుసుల మధ్య ముడులు వేసి పొరలో భాగమైపోతుంది. ఈ పనికి పాత పద్ధతి పాలీఅజిరిడిన్. ఒకటి నుంచి మూడు శాతంతోనే గట్టి ఫలితం ఇచ్చేది గానీ, విష స్వభావం వల్ల దాన్నుంచి పక్కకు తప్పుకుంటున్నారు. దాని చోట కార్బోడైఇమైడ్‌లు వస్తున్నాయి. చెక్క పనిలో ఎక్కువగా కనిపించేది నీళ్లలో కలిసేలా మార్చిన ఐసోసయనేట్ హార్డెనర్. 1937 నాటి శత్రువునే మళ్లీ నీళ్లలోకి దించారన్నమాట. అందులో కొంత నీళ్లతో చర్య జరిపి వృథా అవుతుందని తెలిసే, లెక్క కన్నా ఎక్కువ వేస్తారు. ఆ వృథా భాగమే బుడగలు పుట్టిస్తుంది, అందుకే మందంగా ఒకే కోటు కొట్టేకన్నా పలచగా రెండు కోట్లు కొట్టమంటారు.

దీంతో ఒక మోసం ఉంది. థిన్నర్ పీయూలో హార్డెనర్ కలిపాక గడువు దాటితే సరుకు గడ్డకడుతుంది, గన్‌లోంచి రాదు, పారేయక తప్పదు. నీళ్ల పీయూలో చాలాసార్లు అలా కాదు. రెండు, మూడు గంటల గడువు దాటాక కూడా కంటికి అలాగే పలచగా ఉంటుంది, హాయిగా గన్‌లోంచి వస్తుంది. ఐసోసయనేట్ అప్పటికే నీళ్లకు అయిపోయి ఉంటుంది. మధ్యాహ్నం కలిపింది సాయంత్రం కొట్టిన తలుపు ఆ రోజు మెరుస్తుంది, తర్వాత శానిటైజర్ చుక్కకే లేచిపోతుంది. డబ్బు పెట్టి కొన్న హార్డెనర్ పని చేసిందా లేదా అని చూపే గుర్తు ఆ డబ్బాలో ఉండదు, గోడ గడియారంలో ఉంటుంది. ఇంకో మాట. నీళ్ల పీయూ కదా అని గుడ్డ కట్టుకుని హార్డెనర్ స్ప్రే చేస్తుంటారు. ఐసోసయనేట్ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా తెప్పించగలదు. నీళ్లున్నంత మాత్రాన ఆ గుణం పోదు. తగిన కార్ట్రిడ్జ్ మాస్కు వేసుకోవాల్సిందే.

ఈ మధ్య అందరూ అడిగే మ్యాట్ ఫినిష్ కూడా అడిటివ్ మహిమే. సన్నటి సిలికా రేణువులు పొర పైకి కాస్త పొడుచుకొచ్చి వెలుతురును చెదరగొడతాయి. ముదురు రంగు చెక్క మీద సిలికా ఎక్కువైతే బూడిద తెర కప్పినట్టుంటుంది, వేలిగోరు గీస్తే తెల్లగీత పడుతుంది. అంతకన్నా తరచుగా జరిగేది ఇంకొకటి. సిలికా బరువు వల్ల అడుగుకు దిగుతుంది. డబ్బాను అడుగు నుంచి కలపకుండా పైపైన ఒంచి వాడితే హాల్లో మొదటి తలుపు మెరుస్తుంది, పూజగది దగ్గర ఆఖరి తలుపు చాక్‌పీసు రంగులో ఉంటుంది. గీతలు తట్టుకోవడానికి వేసే మైనం రేణువులదీ అలాంటి బేరమే. చేయి జారేలా చేస్తాయి, ఏడాది తర్వాత దాని మీద మరో కోటు కొట్టబోతే ఆ కొత్త కోటు కూడా జారిపోతుంది. ఎమరీ కొట్టి కానీ పట్టదు.

పడమటి ఎండ కొట్టే సింహద్వారానికి యూవీ అబ్జార్బర్, హాల్స్ అనే జంట కావాలి. మొదటిది అతినీల లోహిత కిరణాలను మింగుతుంది. రెండోది, ఎండ పుట్టించే రాడికల్స్ అనే, పొరను చెరిపే చురుకైన ముక్కల్ని పట్టి, తాను మళ్లీ పుట్టి, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అయితే అబ్జార్బర్ ఎంత మింగుతుందనేది పొర మందం మీద ఆధారపడుతుంది. మూడు కోట్లు అన్నచోట ఒకటే కొట్టి, యూవీ రకం అయినా రంగు మారిందేమిటని అడిగి లాభం లేదు. పీయూ పొర చెక్కుచెదరకపోయినా కింద టేకులో నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ ఎండకు చెడిపోతే పూత చెక్కను వదిలేస్తుంది. ఇంకోటి, ఆరోమాటిక్ (బెంజీన్ వలయమున్న) ఐసోసయనేట్‌తో చేసిన పీయూ పసుపెక్కడాన్ని ఏ అడిటివ్ కూడా పూర్తిగా ఆపలేదు. ఎండకు ఆ వలయం లేని అలిఫాటిక్ రకమే.

డబ్బాలో నీళ్లున్నాయంటే సూక్ష్మజీవులూ వస్తాయి. వాటి కోసం ఐసోథయజోలినోన్ జాతి మందులు వేస్తారు. చర్మానికి అలర్జీ తెచ్చే గుణం వీటికుంది కాబట్టి యూరప్‌లో మిథైల్ ఐసోథయజోలినోన్ పది లక్షల్లో 15 పాళ్లు చేరితే అలర్జీ హెచ్చరికకు లెక్కలోకి తీసుకుంటారు. మన వేడిలో సగం వాడి మూత వదులుగా పెట్టిన డబ్బా పుల్లటి వాసన కొడుతుంటే బ్యాక్టీరియా ఆమ్లం పుట్టిస్తోందని అర్థం. పీహెచ్ పడిపోతే కణాల ఆవేశం పోతుంది, సరుకు విరుగుతుంది. వాసన పోవడానికి పరిమళం వేసి వాడకండి.

ఇన్ని కలిపాక పొర ఎలా ఉందో తేల్చడానికి ల్యాబ్‌లో పెండ్యులం, పెన్సిల్, గళ్లు కోసి టేప్ వేసే పరీక్ష, అరుగుదల చూసే టేబర్ చక్రం ఉంటాయి. ఇంట్లో వాళ్లకు ఇంతకన్నా పదునైన పరీక్షలున్నాయి. అసలు చెక్క ముక్క మీదే అదే కోట్లు కొట్టించి వారం ఆగండి. తడి గుడ్డ ముక్క పరిచి గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దునకు తెల్లబడితే సర్ఫాక్టెంట్, చిక్కబరిచే పదార్థాల దారుల్లో నీళ్లు చేరి వెలుతురును చెదరగొడుతున్నాయని. గంటల్లో తిరిగి తేటపడితే పూత ఇంకా పూర్తిగా ముదరలేదు, ఆగాలి. తేటపడకపోతే కణాలు సరిగ్గా కలవలేదు. తర్వాత శానిటైజర్ చుక్క వేసి ఒక నిమిషం ఆగి తుడవండి, హార్డెనర్ పట్టిందో లేదో తెలుస్తుంది. ఆఖరున నూనెలో కలిపిన పసుపు. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరిగి పొర లోపలికే దూరుతుంది. ఎండలో పెడితే దాని రంగు వెలిసిపోతుంది కనుక భోజనాల బల్ల కిటికీ దగ్గరుంటే కాస్త నయం. లేకపోతే ముడులు దట్టంగా పడిన రెండు డబ్బాల రకమే దాన్ని ఎక్కువ ఆపుతుంది.

అడిటివ్ చేయలేనిది ఒకటుంది. పీయూ గొలుసులోని మెత్తటి భాగం పాలీఎస్టరా, పాలీఈథరా, పాలీకార్బొనేటా అన్నది రెసిన్ తయారీలోనే తేలిపోతుంది. పాలీఎస్టర్ ముడులను డబ్బాలోని క్షార గుణపు నీళ్లే మెల్లగా కొరుకుతాయి. పాలీఈథర్ నీళ్లను తట్టుకుంటుంది, ఎండకు లొంగుతుంది. పాలీకార్బొనేట్ రెంటికీ నిలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఈ మూడూ దుకాణంలో ఒకే పేరుతో, ఎక్రిలిక్ కలిపిన సంకర రకంతో సహా, పక్కపక్కనే కూర్చుంటాయి. టెక్నికల్ డేటా షీట్ అడిగితే రెసిన్ జాతి, గట్టి పదార్థం శాతం, హార్డెనర్ పాళ్లు, కలిపాక గడువు అందులో కనిపించాలి. నానో అనో, గ్రాఫీన్ అనో పెద్దక్షరాల్లో రాసి ఈ నాలుగూ రాయని డబ్బాను నేనైతే బల్లకు వాడను, చెప్పుల స్టాండుకు వాడతాను.